రాతక్క రాయని వాక్యం

యూనివర్సిటీ గేటుకి ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్లో పనిచేసే ఆవిడని అందరూ రాతక్క అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది బ్యాంకు పాసుపుస్తకంలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. కట్టుకున్న మొగుడు కూడా కొట్టుకి ఫోను చేస్తే, "రాతక్కగారు తీరిగ్గా ఉన్నారాండీ?" అని ఆటపట్టిస్తాడు. అతను పార్సిళ్ళ వ్యాను నడుపుతాడు. నోటికి తాళం లేదు గానీ మనిషి మంచివాడు.

ఆ పేరెలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆవిడ చదువు సంగతి చెప్పాలి. చిన్నప్పుడు చదువులో చురుకు. కాలేజీలో సీటు కూడా వచ్చింది. సరిగ్గా ఆ సెలవుల్లోనే తండ్రి మేడ మీంచి పడి, నడుం విరిగి మంచం పట్టాడు. ఇద్దరు పిల్లల్లో ఒక్కరినే చదివించగలిగే పరిస్థితి వచ్చేసరికి ఆ ఒక్కరూ తమ్ముడయ్యాడు. ఎవరూ ఆవిడని మానెయ్యమని బలవంతపెట్టలేదు. అసలు అడగనే లేదు. ఆ తమ్ముడు చదివి ఎవర్ని ఉద్ధరించాడన్నది వేరే కథ, దాని జోలికి ఇప్పుడు పోవద్దు.

అలా గేటు లోపలికి వెళ్ళాల్సిన పిల్ల గేటు ఎదురుగా జిరాక్సు మిషను దగ్గర నిలబడింది. పిల్లలు ఒకరి నోట్సు ఒకరు నకలు తీయించుకోవడానికి గుంపులుగా వచ్చేవాళ్ళు. మిషను వేడెక్కేలోపు రాతక్క పైనున్న కాగితం చదివేసేది. చరిత్రలో ఒక యుద్ధం సగం వరకు, వృక్షశాస్త్రంలో ఒక ఆకు, భూగోళంలో ఒక నది. మొదలు వేరేవాళ్ళ దగ్గర ఉండేది, చివర ఇంకెవరి దగ్గరో ఉండేది. మధ్య పేజీల పండితురాలు అని ఆవిడ మీద ఆవిడే జోకులు వేసుకునేది.

లోపలికి వెళ్ళాలంటే మాత్రం ప్రాణం మీదికి వచ్చేది. ఆఫీసుకి కాగితాల కట్టలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా వాచ్‌మన్, "ఎవరు కావాలమ్మా?" అనేవాడు. రోజూ చూసే మొహమే. అయినా అడిగేవాడు. ఆవిడ పక్కనుంచే పిల్లలు గలగలా మాట్లాడుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు, వాళ్ళనెవర్నీ అడిగేవాడు కాదు. పేరుకి విశ్వవిద్యాలయం గానీ, విశ్వంలో సగం మంది ఆ వాచ్‌మన్ దగ్గరే ఆగిపోయారని నా అనుమానం.

ఒకరోజు చూపులేని కుర్రాడొకడు కొట్టు ముందు నిలబడి ఏడుపు మొహం పెట్టాడు. పరీక్ష మొదలవబోతోంది, అతని తరఫున రాయాల్సిన మనిషి రాలేదు. ఓనరు జాలిపడి, "నువ్వెళ్ళి రాసిపెట్టమ్మా, నీ అక్షరాలు బాగుంటాయిగా" అన్నాడు. పరీక్షల విభాగం గుమాస్తా ఆవిడని ఎగాదిగా చూసి, ఎంతవరకు చదివావని అడిగాడు. సిగ్గుపడుతూ చెప్పింది. "సరిపోతుంది" అన్నాడతను సంతోషంగా. రాసిపెట్టేవాళ్ళకి ఆ సబ్జెక్టు తెలిసి ఉండకూడదట. చదువు లేకపోవడమే అర్హత అయిన ఉద్యోగం లోకంలో అదొక్కటే కాబోలు. అందులో రాతక్కకి ఎదురులేకుండా పోయింది.

గుమాస్తా ఆ రోజే నియమం చెప్పాడు. "వాళ్ళు ఏం చెప్తే అది రాయాలి. తప్పు చెప్తే తప్పే రాయాలి. రాసే చేతికి బుర్ర ఉండకూడదు, అర్థమైందా?" అర్థమైందని తలూపింది. అప్పట్నుంచీ చూపులేని పిల్లలెవరికి పరీక్షలొచ్చినా రాతక్కకే కబురొచ్చేది, ఆ పేరూ అలా వచ్చిందే. ఆ రోజుల్లో ఆవిడ తలంటుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మెడలో చీటీ తగిలించుకుని గేటు దాటేది. వాచ్‌మన్ ఆ చీటీ చూసి పక్కకి జరిగేవాడు. వీళ్ళకిచ్చే పరీక్ష గది మెట్ల కింద, విరిగిన బెంచీలు పడేసే గది పక్కన ఉండేది. ఫ్యాను తిరిగితే ఒక చప్పుడు, తిరక్కపోతే ఇంకో బాధ. అయినా రాతక్కకి ఆ కుర్చీ సింహాసనమే. ఇంటికి వెళ్ళి, "ఇవాళ నేను అర్థశాస్త్రం రాశాను" అనేది. "అర్థమైందా మరి?" అనేవాడు మొగుడు.

ఇలా నడుస్తుండగా వకీలు వచ్చాడు. పుట్టుకతోనే చూపులేని కుర్రాడు. భూగోళశాస్త్రం చదువుతానని పట్టుబట్టి మరీ చేరాడు. పటాలు చూడలేనివాడికి భూగోళం దేనికయ్యా, వేరే ఏదైనా తీసుకో అని పెద్దలంతా కూర్చోబెట్టి చెప్పారు. "మీరు భూమ్మీద కళ్ళతో నడుస్తారా సార్, కాళ్ళతోనా?" అని అడిగాడట. దాంతో వాళ్ళు నోరెత్తలేక సీటిచ్చారు, ఇతనికేమో వకీలు అన్న పేరొచ్చింది. ఆ శాఖలో అలాంటి విద్యార్థి అతనే మొదటివాడు.

రాతక్క అంటే అతనికి తెగ చనువు. ఒకసారి ఆవిడ ఏదో మాటల్లో, "గుడ్డెద్దు చేలో పడ్డట్టు" అనేసి నాలిక్కరుచుకుంది. వకీలు పకపకా నవ్వాడు. "అనక్కా, పర్లేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు, గుడ్డి కన్నా మెల్ల మేలు, గుడ్డివాడి చేతిలో రాయి. మన పెద్దాళ్ళు మా మీదే బతికేశారు. మేం లేకపోతే సగం సామెతలు ఉండేవే కావు" అన్నాడు.

అలాంటివాడు ఒక్క విషయంలో మాత్రం నవ్వేవాడు కాదు. క్లాసులో పిల్లలు మంచివాళ్ళే. అతనొస్తే లేచి చోటిస్తారు, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుంటారు. టీ తాగడానికి మాత్రం పిలవరు. పోయినేడు అందరినీ కొండల దగ్గరికి తీసుకెళ్ళారు. ఇతన్ని మాత్రం, "నువ్వెందుకు బాబూ ఇబ్బంది పడటం? హాజరు వేసేస్తాంలే, హాయిగా గదిలో పడుకో" అన్నారు. వాళ్ళు తిరిగొచ్చాక నెలల తరబడి ఆ ప్రయాణం కబుర్లే. బస్సులో ఎవరు పాడారు, ఎవరు బురదలో పడ్డారు. అందరూ నవ్వుతుంటే ఇతనూ నవ్వేవాడు, దేనికో తెలియకుండా. "హాజరు ఉందక్కా, నేను లేను" అన్నాడొకసారి రాతక్కతో. ఈ ఏడు నది దగ్గరికి తీసుకెళ్తున్నారు. నదుల పాఠం చెప్పే మాస్టారు కొంతమందిని ఎంచుకుని, అక్కడే కొన్నాళ్ళు ఉంచి పని చేయిస్తారట. ఆ జట్టులో తన పేరు ఉండాలి. వకీలుకి ఇంకేమీ అక్కర్లేదు. పరీక్షలో బాగా రాస్తే మాస్టారు కాదనలేరని అతని ఆశ, రాతక్క ఆశ కూడా.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నది వంపులు తిరగడానికి కారణాలేమిటి అని. రాతక్క చదివి వినిపించగానే వకీలు మొహం వెలిగిపోయింది. వాళ్ళ అమ్మమ్మ ఇల్లు ఏటి ఒడ్డునే. చిన్నతనమంతా ఆ నీళ్ళలోనే గడిచింది. బయటి ఒడ్డుని నీళ్ళు ఒరుసుకుంటూ కోసేస్తాయనీ, లోపలి ఒడ్డు దగ్గర నెమ్మదించి మోసుకొచ్చినదంతా దింపేస్తాయనీ గడగడా చెప్పాడు. రాతక్క రాసింది. అంతవరకు పుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఆ తర్వాత అతని గొంతు మారింది. కాస్త తగ్గించి, ఎవరికో ఇంట్లో మనిషికి చెప్తున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు. ఏట్లో దిగి లోపలి ఒడ్డు వైపు నిలబడితే ఎలా ఉంటుందో, ఇసుక గురించి, అరికాలి గురించి ఏదో చెప్పాడు.

రాతక్క కలం ఆగిపోయింది. పరీక్ష పేపర్లో అరికాలేమిటి? ఇప్పటికే పటం చూడలేనివాడికి భూగోళం ఎందుకని మూతులు విరుస్తున్నారు. ఇది చదివితే ఇతన్ని నవ్వులపాలు చెయ్యరూ? పిల్లాడి ఆశంతా ఈ ఒక్క జవాబు మీదే ఉందాయె. ఆ క్షణంలో ఆవిడకి ఒక వాక్యం గుర్తొచ్చింది. ఎప్పుడో మొదటి ర్యాంకు వచ్చిన అమ్మాయి నోట్సులోది. ఏటా పిల్లలు ఆ నోట్సు నకళ్ళు తీయించుకుంటుంటే చదివీ చదివీ ఆవిడకి కంఠతా వచ్చేసింది. 'ఆకాశం నుండి చూసినప్పుడు, పచ్చని మైదానంలో నది, ఎండకు మెరిసే వెండి తీగలా, మెలికలు తిరుగుతూ కనబడుతుంది.' ఎంత అందమైన వాక్యం! పాపం పిల్లాడు అనుకుంది. ఆ పాపం అన్న మాటే కొంప ముంచింది. అరికాలిని వదిలేసి వెండి తీగని రాసింది.

"రాశావా అక్కా?" అన్నాడు వకీలు, ఆవిడ కలం చప్పుడు ఆగగానే.

"ఆఁ, రాశాను" అంది రాతక్క.

ఇంటికెళ్ళి మొగుడితో, "ఇవాళ ఒకడికి మంచి చేశాను" అని కూడా చెప్పింది. ఏం మంచో చెప్పలేదు. గుట్టుగా చేసిన పుణ్యానికి ఫలం ఎక్కువని ఆవిడ లెక్క.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం భూగోళం చదివే ఆడపిల్లలు కొట్టుకి వచ్చి ఆ కబురు చెప్పారు. "రాతక్కా, మీ వకీలు జవాబుని మాస్టారు క్లాసులో చదివి వినిపించారు. అందరం చప్పట్లు కొట్టాం. నది దగ్గరికి వెళ్ళే జట్టులో అతని పేరే మొదట చెప్పారు." రాతక్కకి కాళ్ళు నేల మీద ఆగలేదు. వాళ్ళకి నకళ్ళు రెండేసి సార్లు తీసిచ్చేసి ఓనరు చేత చీవాట్లు తింది. చీవాట్లు కూడా తియ్యగానే ఉన్నాయి.

వకీలు మర్నాడు వచ్చాడు. కర్రతో గడప తట్టి, "అక్కా, ఆ మిషను కాస్త ఆపుతావా?" అన్నాడు. ఆపింది. ఇప్పుడు సంతోషం పట్టలేక తన చేతులు పట్టుకుంటాడని మొహం నిండా నవ్వు పెట్టుకుని నిలబడింది. అతనికి ఆ నవ్వు కనబడదన్న సంగతి కూడా మర్చిపోయింది.

"వెండి తీగ అంటే ఎలా ఉంటుందక్కా?" అన్నాడు.

రాతక్క మొహం మీది నవ్వు అలాగే ఉండిపోయింది.

"మెరవడం అంటే? నాకెప్పుడూ సరిగా ఎవరూ చెప్పలేదు. మాస్టారు చదువుతుంటే నా వాక్యం ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చున్నాను. ఇదిగో ఇప్పుడొస్తుంది, ఇదిగో ఇప్పుడొస్తుంది అని. ఆకాశం వచ్చింది. వెండి వచ్చింది. 'కళ్ళున్న మీరెవరూ నదిని ఇలా చూడలేదు, ఇతను చూశాడు' అన్నారు. అందరూ చప్పట్లు. నేనేం చేశానో తెలుసా? లేచి నమస్కారం పెట్టాను. నాది కాని వాక్యానికి."

"నాయనా, నేను..."

"అక్కడే చెప్పేయాల్సింది. నోరు రాలేదక్కా. ఆ చప్పట్లు వినడానికి బాగున్నాయి. పక్కవాడు టీకి రమ్మన్నాడు, వెళ్ళాను. తాగాను కూడా. అదీ నా బతుకు."

కొట్లో ఓనరు వినీ విననట్టు కాగితాలు సర్దుకుంటున్నాడు. రాతక్క అతని దగ్గరికి జరిగింది. నవ్వుతారని భయపడ్డానురా, నీ మంచికే చేశానురా అని ఏదేదో చెప్పింది. ఎవరో ఒకరు నిన్ను చిన్నబుచ్చుతారని నా బాధ అంది. వకీలు కాసేపు తల వంచుకుని విన్నాడు.

"నవ్వితే నవ్వనివ్వాల్సింది" అన్నాడు. "వాళ్ళు నవ్వుతారో లేదో తెలియకుండానే నువ్వు నవ్వేశావు కదక్కా, ఎవరికీ వినపడకుండా."

చెంప మీద కొట్టినా అంత బాధపడేది కాదు. ఎందుకంటే అది నిజం. అరికాలి మాట విన్నప్పుడు ఆవిడ లోపల ఒక చిన్న నవ్వు నవ్వింది. చిన్నపిల్లల మాటలకి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. దాన్నే ఆవిడ ప్రేమ అనుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా బహుశా ఆవిడ మంచి కోరే అడిగేవాడేమో, ఎవరు చెప్పొచ్చారు?

రేపు మాస్టారి దగ్గరికి వెళ్దాం రమ్మన్నాడు వకీలు. "నీకేమైనా పిచ్చా? జట్టులోంచి పేరు కొట్టేస్తారు. నన్ను ఇంక గేటు లోపలికి రానివ్వరు" అంది రాతక్క. ఆ రెండో ముక్క అన్నాక గానీ ఆవిడకి తెలియలేదు, తన భయం ఎక్కడుందో. వకీలుకి తెలిసిపోయింది. "నీ ఇష్టం అక్కా, నేనైతే వెళ్తాను" అని కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు భోజనాల దగ్గర మొగుడికి అంతా చెప్పింది. ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసే మనిషి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"నేను దారిలో పార్సిలు విప్పి చూశాననుకో. లోపలున్నది నాసిగా ఉందనిపించి, అది తీసేసి మంచిది పెట్టి ఇచ్చాననుకో. ఏమంటారు నన్ను?" అన్నాడు.

"దొంగ అంటారు."

"నేను ఆ మాట అనలేదు, నువ్వే అన్నావు" అని కంచం తీసుకుని లేచిపోయాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ మర్నాడు రాతక్క గేటు దగ్గరికి వెళ్ళింది. పరీక్షల రోజు కాదు, మెడలో చీటీ లేదు. వాచ్‌మన్ అలవాటుగా, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు. "నదుల మాస్టారు" అంది. ఏం పని అన్నాడు. తప్పు చేశాను, చెప్పుకోవాలి అనలేక, "పనుంది" అని తల దించుకుని లోపలికి నడిచింది.

వకీలు మాస్టారి గది బయట నిలబడి ఉన్నాడు. ఆవిడ చెప్పుల చప్పుడు గుర్తుపట్టి, "వచ్చావా అక్కా" అన్నాడు. ఇద్దరూ కలిసి లోపలికి వెళ్ళారు. గది గోడల నిండా పటాలు, బల్ల నిండా జవాబు పత్రాలు. మాస్టారు పెద్దమనిషి, మర్యాదస్తుడు. ఇద్దరికీ కుర్చీలు చూపించాడు. రాతక్క కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పింది. ఆ వాక్యం పాత నోట్సులోదని, అతను చెప్పింది వేరని, అడిగితే రాశానని అబద్ధం కూడా ఆడానని చెప్పింది. భూమి చీలి తనని లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. భూమి గురించి అంత చదివినవాళ్ళున్న గదిలో అది మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదు.

మాస్టారు వింటూ వింటూ చిరునవ్వు నవ్వాడు. "వెండి తీగ! ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూనే ఉన్నాను. అది నేను క్లాసులో చెప్పిన వాక్యమేనమ్మా! ఆ అమ్మాయి నోట్సులో రాసుకుంది కాబోలు" అన్నాడు, పోగొట్టుకున్న వస్తువు దొరికినంత సంబరంగా. కాకి పిల్ల కాకికి ముద్దు. ఆయన మొహంలో కోపం అన్నది లేనే లేదు.

రాతక్క మాత్రం ఇంకా కుంగిపోయింది. చప్పట్లు కొట్టించుకున్న ఆ వాక్యంలో మాస్టారి మాట ఉంది, ర్యాంకు అమ్మాయి మాట ఉంది, తన చేతిరాత ఉంది. ఎవరి పేరు మీద ఉందో వాడి మాటే లేదు.

"సరే, అతను చెప్పిందేమిటి మరి?" అని అడిగాడు మాస్టారు ఆవిడని. "అది కూడా బాగుంటే అదే అతని జవాబనుకుందాం. ఇంక ఏ పేచీ ఉండదు. చెప్పమ్మా."

వకీలు మొహం ఆవిడ వైపు తిప్పాడు. రాతక్క నోరు తెరిచింది. ఏటి లోపలి ఒడ్డు... ఇసుక... అరికాలు... ఆ తర్వాత? ఏదో కదలడం గురించి చెప్పాడా? లేక ఏదో ఆగడం గురించా? ఎంత తవ్వినా దొరకలేదు. ఎవరో అమ్మాయి నోట్సు మిషను మీద పెట్టి తీస్తూ చదివిన వాక్యం కామాలతో సహా గుర్తుంది. పక్కన కూర్చుని, తనని నమ్మి, గొంతు తగ్గించి చెప్పిన వాక్యం గుర్తులేదు. రాయకూడదని ఎప్పుడనుకుందో అప్పుడే వినడం కూడా మానేసింది.

"గుర్తులేదు సార్" అంది.

వకీలు మొహం మెల్లగా పక్కకి తిరిగిపోయింది. ఇన్నేళ్ళ బతుకులో అంత సిగ్గు రాతక్క ఎన్నడూ ఎరగదు.

మాస్టారు చెయ్యి ఊపేశాడు. "పోనివ్వండి. ఇదంతా మనసులో పెట్టుకోవద్దు. బాబూ, నీ పేరు ఎలాగూ పెట్టేశాం, హాయిగా రా. నువ్వు రావాలనే మా అందరి కోరిక. అక్కడ నీకు కష్టం లేకుండా చూసుకుంటాం."

"సార్, ఆ ప్రశ్న నన్ను మళ్ళీ అడగండి. ఇప్పుడే, ఇక్కడే కొత్తగా చెప్తాను" అన్నాడు వకీలు లేచి నిలబడి.

"అక్కర్లేదు బాబూ. నీ మీద మాకు అనుమానమేం లేదు. మార్కుల సంగతి కూడా బెంగ పెట్టుకోకు, మీలాంటి వాళ్ళ పేపర్లు మేం ఎప్పుడూ కాస్త చూసీచూడనట్టే దిద్దుతాం."

ఆయన ఆ మాట ఎంతో ప్రేమగా అన్నాడు. వకీలు నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. ఇక తను పరీక్షలు రాయనని, గుమాస్తాగారికి కూడా చెప్పేస్తానని రాతక్క గొణిగింది. "అయ్యో, అదేం మాటమ్మా! నీలాంటి వాళ్ళే కావాలి మాకు" అన్నాడు మాస్టారు. ఆవిడ ఆ మెచ్చుకోలు మోసుకుని గదిలోంచి బయటపడింది.

మెట్ల దగ్గర వకీలుని కలుసుకుంది. చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. అతను కర్రతో మెట్టు చూసుకుంటూ దిగుతుంటే వెనకాలే దిగింది.

"నా మీద కోపంతో వెళ్ళడం మానకు నాయనా."

"మానను. నేను మానేస్తే, రేపు నాలాంటివాడు ఇంకొకడు వచ్చినప్పుడు, 'అప్పుడు పిలిస్తే ఆ అబ్బాయీ రాలేదు' అంటారు. వెళ్తానక్కా. కాకపోతే, పిలిస్తే వెళ్తున్నట్టు ఉండదు. మోసుకెళ్తే వెళ్తున్నట్టుంటుంది, అంతే." ఇంకో మెట్టు దిగి, "వచ్చే పరీక్షకి వేరేవాళ్ళని చూసుకుంటాను" అన్నాడు.

"సరే" అంది. ఇంకేమంటుంది?

కింది మెట్టు మీద అతను ఆగాడు. "నిజంగా ఒక్క ముక్క కూడా గుర్తులేదా?"

"ఇసుక గురించి చెప్పావు. అరికాలి గురించి. తర్వాత ఏమన్నావో ఎంత ఆలోచించినా రావడం లేదురా. నువ్వు చెప్పు, ఇప్పుడే మళ్ళీ పైకెళ్ళి ఆయన వినేదాకా చదివి వినిపిస్తాను."

వకీలు తల అడ్డంగా ఊపాడు. "నాకూ గుర్తులేదక్కా. ఆ ఊపులో వచ్చింది, చెప్పేశాను. ఒకసారి చెప్పాక ఇంక మోసుకు తిరగడం దేనికని వదిలేశాను. నువ్వు రాశానన్నావుగా."

అతను గేటు వైపు వెళ్ళిపోయాడు. రాతక్క కొట్టుకి తిరిగొచ్చింది. ఓనరు ఏదో నోట్సు కట్ట చేతికిచ్చి, తొందరగా తీయమన్నాడు. మిషను వేడెక్కుతుంటే ఆవిడ పైనున్న కాగితం చదవలేదు. కళ్ళు మూసుకుని ఆ గది, ఆ ఫ్యాను చప్పుడు, వకీలు తగ్గించిన గొంతు అన్నీ తెచ్చుకుని, ఇసుక తర్వాత ఏమన్నాడో వినడానికి ప్రయత్నించింది. పెదాలు కదిలాయి. నోటికి వచ్చిందల్లా వెండి తీగే.